బీటా సాఫ్ట్‌వేర్ మీద వ్యాపార రిపోర్టులు కట్టుకోవచ్చా?

వ్యాపారం ఉన్న మన ఇళ్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే తీరుతుంది. "నాన్నా, ఇంకా ఆ పాత రిపోర్టులేనా? కొత్త వెర్షన్ బీటా వచ్చింది. స్టాకు, బాకీలు, జీఎస్టీ అన్నీ ఒకే తెర మీద కనిపించేలా చేసిస్తాను. పైగా ఉచితం." చెప్పేది బెంగళూరులోనో పుణేలోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు, కూతురు, లేదంటే మేనల్లుడు. వినేది సోలాపూర్‌లో చాదర్ల కార్ఖానా, భివండిలో మరమగ్గాల షెడ్డు, హోసూరులో చిన్న వర్క్‌షాపు, బరంపురంలో పట్టుచీరల దుకాణం, యానాంలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్న తండ్రి, బాబాయి, పెద్దమ్మ. వద్దంటే పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టు ఉంటుంది. సరేనంటే నెలాఖరుకు ఏమవుతుందోనన్న గుబులు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. ఇల్లు దాటి బయటికి వెళ్లే రిపోర్టును, అంటే బ్యాంకుకో పన్నుల శాఖకో ఆడిటరుకో ఇచ్చేదాన్ని, ఇంకా విడుదల కాని సాఫ్ట్‌వేర్ మీద కట్టకూడదు. మనం మాత్రమే చూసుకునే రిపోర్టు కట్టుకోవచ్చు. అప్పుడు కూడా అసలు లెక్కల పుస్తకాన్ని దాని చేతికి ఇవ్వకూడదు. ఈ గీత ఎందుకు గీస్తున్నామో, ఎక్కడ దాన్ని కాస్త జరపవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

బీటా అంటే ఒప్పందం

సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సరుకును పూర్తిగా సిద్ధం కాకముందే కొందరి చేతికి ఇస్తుంది. దాన్ని బీటా అంటారు, ప్రివ్యూ అంటారు, ఎర్లీ యాక్సెస్ అంటారు. దాదాపు సిద్ధమైతే రిలీజ్ క్యాండిడేట్ అంటారు. పేరేదైనా లోపలి సంగతి ఒకటే. మీరు వాడి చూస్తారు, ఎక్కడ చెడిందో వాళ్లకు తెలుస్తుంది. డబ్బు తీసుకోకపోవడానికి కారణం అదే. మీ సమయమే వాళ్లకు ఫీజు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే ఆ పొడుగాటి కాగితంలో సాధారణంగా మూడు సంగతులు ఉంటాయి. దీన్ని నిజమైన వ్యాపార పనికి వాడవద్దు అన్నది ఒకటి. ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, నష్టం వస్తే మా బాధ్యత లేదు అన్నది రెండోది. ఈ ఫీచరును మార్చవచ్చు, తీసేయవచ్చు అన్నది మూడోది. చాలా బీటాలకు గడువు కూడా ఉంటుంది, ఆ తేదీ దాటితే తెరుచుకోవు. కొన్నిసార్లు కంపెనీయే 'గో-లైవ్' పేరుతో, విడుదలకు ముందే నిజమైన పనికి వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇస్తుంది. అలాంటి అనుమతి ఉన్న బీటా వేరు, లేని బీటా వేరు. ఇంట్లో చర్చ మొదలుపెట్టే ముందు ఆ కాగితం ఒకసారి చదవమని పిల్లలకే చెప్పండి. పది నిమిషాల పని.

పిల్లలు తమ ఆఫీసు లైసెన్సుతో దుకాణంలో కొత్త వెర్షన్ వేసి పెట్టడం కూడా కొన్నిచోట్ల జరుగుతోంది. అది ఆ ఉద్యోగానికే ముప్పు తేగలదు. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మధ్యలో మారిపోయినవి

'మారవచ్చు' అని కాగితంలో రాసి ఉంటే ఎవరికీ భయం వేయదు. నిజంగా మారిన సందర్భాలు చూస్తే అర్థమవుతుంది.

ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ అనే ఫార్ములా ఉంది. పార్టీ పేరు ఇస్తే ఆ పేరు పక్కనున్న బాకీ మొత్తాన్ని వెతికి తెస్తుంది. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దీన్ని ముందుగా బీటా వాడేవారికి ఇచ్చింది. అప్పట్లో ఫార్ములా బ్రాకెట్లో నాలుగో స్థానం 'ఎలా వెతకాలి' అన్నదానికి. కొన్ని నెలలకే, ఇంకా అందరికీ విడుదల కాకముందే, ఆ నాలుగో స్థానంలోకి 'దొరక్కపోతే ఏం చూపించాలి' అన్న కొత్త సంగతి వచ్చి కూర్చుంది. పాత నాలుగోది ఐదో స్థానానికి జరిగింది. మార్పు మంచిదే, ఇవాళ అందరూ వాడుతున్నది ఆ రూపమే. కాని మొదటి రూపాన్ని నేర్చుకుని పదిమందికి నేర్పినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంకో చిక్కు ఇప్పటికీ ఉంది. ఎక్స్‌లుకప్‌తో చేసిన షీటును ఎక్సెల్ 2016 గాని 2019 గాని ఉన్న కంప్యూటర్‌లో తెరిచి లెక్క తిరిగి వేయిస్తే, అంకె ఉండాల్సిన చోట 'పేరు తెలియదు' అన్న అర్థంలో తప్పు చూపిస్తుంది. మీ కంప్యూటర్‌లో చక్కగా ఉన్న బాకీల పట్టిక ఆడిటర్ గారి పాత కంప్యూటర్‌లో తప్పుల పట్టిక అవుతుంది. రిపోర్టు మనదే అయినా అది తెరుచుకోవాల్సింది ఎదుటివారి దగ్గర.

ఇంకా పాత సంగతి ఒకటి, డేటాబేస్ లోకంలోది. పెద్ద వ్యాపార రిపోర్టుల వెనుక ఉండే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ చాలాకాలం బీటాలో నడిచింది. అందులో అందరినీ ఆకట్టుకున్న ఫీచరు 'మిర్రరింగ్'. ఒక యంత్రంలోని లెక్కలు ఎప్పటికప్పుడు రెండో యంత్రంలో అద్దంలోలా నిలిచి ఉంటాయి. మొదటిది చెడితే రెండోది అందుకుంటుంది. బీటాలో దాన్ని చూసి తమ ఏర్పాట్లు దాని చుట్టూ వేసుకున్నవాళ్లున్నారు. తీరా 2005 నవంబర్‌లో అసలు వెర్షన్ విడుదలైనప్పుడు మిర్రరింగ్‌ను పక్కన పెట్టారు. పరీక్షించి చూడాలంటే ప్రత్యేకంగా తెరుచుకోవచ్చు గాని, నిజమైన పనికి మద్దతు లేదన్నారు. మద్దతు 2006లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో గాని రాలేదు. అంటే బీటాలో ఉన్నది విడుదలైనదానిలో ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

ఇదే సాఫ్ట్‌వేర్ కుటుంబంలో ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అది చెప్పకపోతే న్యాయం కాదు. రిపోర్టులు తయారుచేసే 'రిపోర్టింగ్ సర్వీసెస్' అన్న భాగాన్ని మొదట ఆ 2005 వెర్షన్‌తో పాటే ఇవ్వాలనుకున్నారు. వాడేవాళ్ల నుంచి గట్టిగా అడుగు పడటంతో ముందుకు జరిపి 2004 జనవరిలోనే, అప్పటికి అందరి దగ్గరా ఉన్న 2000 వెర్షన్‌కు జోడించి విడుదల చేశారు. దాని బీటాలో ముందే చేయి తిప్పుకున్నవాళ్లు ఏడాదికి పైగా ముందున్నారు. కాబట్టి బీటా అంటేనే చెడు అని మేము అనడం లేదు. ఎటు తిరుగుతుందో మన చేతిలో ఉండదు, అంతే.

మన వ్యాపారులకు అన్నిటికన్నా బాగా గుర్తుండే ఉదాహరణ సాఫ్ట్‌వేర్ కంపెనీది కూడా కాదు, జీఎస్టీది. 2019లో కొత్త రిటర్నుల పద్ధతి వస్తోందని ప్రకటించారు. పేర్లు కూడా కొత్తవి, ఏఎన్‌ఎక్స్-1, ఏఎన్‌ఎక్స్-2, ఆర్‌ఈటీ-1. ఆ ఏడాది జూలై నుంచి వాడి చూడటానికి ట్రయల్ ఇచ్చారు. అక్టోబర్ నుంచి పెద్ద వ్యాపారులతో మొదలుపెట్టి దశలవారీగా తప్పనిసరి అన్నారు. తరవాత 2020 ఏప్రిల్ అన్నారు. ఆ పైన మళ్లీ వాయిదా. చివరికి ఆ పద్ధతే రాలేదు. పాత జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీలే మెరుగులు దిద్దుకుని నిలిచిపోయాయి. తాత్కాలికమని 2017లో తెచ్చిన 3బీయే ఇవాళ్టికీ నడుస్తుండగా, దాని స్థానంలో రావాల్సినవి రాకుండానే పోయాయి. ట్రయల్ చూసి తమ రిపోర్టులన్నీ కొత్త నమూనాకు మార్చుకున్నవాళ్ల శ్రమ అలా పోయింది. ట్రయల్ నడిపి చూసి, పాత రిపోర్టులు చెక్కుచెదరకుండా ఉంచుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

ఇల్లు దాటే రిపోర్టుకు తేదీ ఉంటుంది

నెలనెలా రిటర్ను వేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు మరుసటి నెల 11, 3బీ గడువు 20. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకు జీఎస్‌టీఆర్-1 గడువు 13. 3బీ గడువు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, పుదుచ్చేరి కిందకి వచ్చే యానాంకు 22, ఒడిశాకు 24. ఆలస్యమైతే రోజుకు రూ. 50, అమ్మకాలేవీ లేని రిటర్నుకు రూ. 20 రుసుము. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే.

డబ్బు కన్నా మాట పోవడం పెద్ద నష్టం. మీ జీఎస్‌టీఆర్-1లో ఒక బిల్లు తప్పిపోతే, మీ దగ్గర కొన్నవాడి జీఎస్‌టీఆర్-2బీలో అది కనిపించదు. అతనికి ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఫోన్ చేసి "మా కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేశామండీ" అని చెబితే ఒకసారి వింటాడు. రెండోసారి సరుకు పక్క దుకాణంలో కొంటాడు. పరాయి రాష్ట్రంలో మూడు తరాలుగా కూడబెట్టుకున్న మంచి పేరుకు ఇలాంటి చోటే దెబ్బ తగులుతుంది.

బ్యాంకు సంగతి చూద్దాం. సీసీ ఖాతా ఉన్నవారు ప్రతి నెలా స్టాకు, బాకీల స్టేట్‌మెంట్ ఇవ్వాలి. దాన్ని బట్టే డ్రాయింగ్ పవర్ నిర్ణయమవుతుంది. పాతబడిన బాకీలను బ్యాంకు లెక్కలోకి తీసుకోదు, ఎన్ని రోజులు దాటితే తీసుకోదో శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది. 90 రోజులు అనుకుందాం. జూలై 1న రూ. 4 లక్షల బిల్లు వేశారు, 30 రోజుల అరువు. అక్టోబర్ 15 నాటికి బిల్లు తేదీ నుంచి లెక్కిస్తే 106 రోజులు, బాకీ పక్కకు పోతుంది. గడువు తేదీ నుంచి లెక్కిస్తే 76 రోజులు, బాకీ లెక్కలో నిలుస్తుంది. రెండు లెక్కలూ ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉండేవే. ఏది వాడాలో బ్యాంకు చెబుతుంది. బీటా వెర్షన్ ఒక అప్‌డేట్‌లో చడీచప్పుడు లేకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే, మనం బ్యాంకుకు తప్పు చెప్పినట్టవుతుంది. సాఫ్ట్‌వేర్ చెప్పిందంటే బ్యాంకు ఒప్పుకోదు. స్టేట్‌మెంట్ కింద సంతకం మనది.

చిన్న ఉత్పత్తిదారుల దగ్గర కొనేవారికి 45 రోజుల లెక్క కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయం నుంచి తీసివేయనివ్వకుండా, ఇచ్చిన ఏడాదిలోనే తీసివేసుకునేలా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన వచ్చింది. ఆ జాబితా తప్పితే పన్ను పెరుగుతుంది.

కుటుంబ వ్యాపారాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చుకున్నవారు మరో సంగతి చూసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదయ్యే ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. బీటాలో ఆ భాగం పూర్తయిందో లేదో ఎవరు పూచీ ఇస్తారు? లెక్కలు దాచాల్సిన కాలం కూడా చిన్నది కాదు. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు, కంపెనీల పుస్తకాలు ఎనిమిదేళ్లు. ఆరు నెలలకు గడువు తీరిపోయే ట్రయల్ సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లు దాచాల్సిన లెక్క పెట్టడం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

ఆగిపోతే నయం, తప్పు చూపిస్తేనే కష్టం

బీటా అనగానే అందరూ భయపడేది మధ్యలో ఆగిపోతుందని. నిజానికి ఆగిపోవడం మంచిదే. ఆగిందని తెలుస్తుంది, పాతదానికి వెళతాం. ప్రమాదం, అందమైన గ్రాఫుతో, రంగురంగుల అంకెలతో తప్పు మొత్తం చూపించే రిపోర్టుతో. దాన్ని చూసి నూలు ఎక్కువ కొంటాం, అరువు ఎక్కువ ఇస్తాం. ఇల్లు దాటని రిపోర్టుకు కూడా పరీక్ష అవసరం అనేది ఇందుకే.

ఆ పరీక్షకు మాయలేవీ అక్కర్లేదు. లెక్కలు మూసేసిన ఒక పాత నెలను తీసుకుని పాత సాఫ్ట్‌వేర్‌లో, కొత్త బీటాలో రెండింటిలోనూ రిపోర్టు తీయాలి. రూపాయి తేడా కూడా వదలకుండా కారణం వెతకాలి. అయితే ఏ నెల తీసుకోవాలన్నది ముఖ్యం. ఏ చిక్కూ లేని నెల తీసుకుంటే ఏ సాఫ్ట్‌వేరైనా పాసవుతుంది.

మేమైతే 2025 సెప్టెంబర్‌ను తీసుకోమంటాం. ఆ నెల 22న జీఎస్టీ రేట్లు మారాయి. ముక్క రూ. 1,000 దాటిన రెడీమేడ్ బట్టలకు అంతకుముందు 12 శాతం. 22 నుంచి రూ. 2,500 వరకు 5 శాతం, ఆపైన 18 శాతం. సింథటిక్ నూలు 12 నుంచి 5కు దిగింది. అంటే ఒకే నెలలో ఒకే సరుకు రెండు రేట్లతో అమ్ముడైంది. 20న వేసిన బిల్లుకు 25న సరుకు వాపసు వచ్చి క్రెడిట్ నోటు ఇస్తే ఏ రేటు పడాలి? బిల్లులో ఉన్న పాత రేటే పడాలి. బీటా రిపోర్టు అది సరిగా చూపిస్తే కొంత నమ్మకం కుదురుతుంది. భివండి, సోలాపూర్, తిరుప్పూరు వైపు బట్టల వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష పేపరు దొరకదు.

యానాం వాళ్లకు ఇంకో పరీక్ష చేతిలోనే ఉంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, భాష ఒకటే, బంధువులంతా కాకినాడలో. కాని జీఎస్టీ నంబరులో యానాం కోడ్ 34, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. పక్క ఊరికి ఆటోలో పంపిన సరుకు అంతర్రాష్ట్ర అమ్మకం, దాని మీద ఐజీఎస్టీ పడాలి. పిన్‌కోడ్‌ను చూసో జిల్లా పేరును చూసో రాష్ట్రాన్ని ఊహించే సాఫ్ట్‌వేర్ ఇక్కడ బోల్తా పడవచ్చు. హోసూరు నుంచి బెంగళూరుకు, బళ్లారి నుంచి ఆదోనికి, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి సరుకు పంపేవారిదీ ఇదే కథ. సరిహద్దుల్లో బతికే మనవాళ్ల లెక్కలే సాఫ్ట్‌వేర్‌కు అసలైన పరీక్ష అని మాకు అనిపిస్తుంది. కంపెనీల పరీక్షలు తయారుచేసేవాళ్లకు యానాం గుర్తుంటుందని అనుకోలేం.

ఇక భాష. పార్టీల పేర్లు, సరుకుల పేర్లు తెలుగులోనో కన్నడలోనో తమిళంలోనో రాసుకునేవారు తెర మీద కాకుండా ప్రింటులో, పీడీఎఫ్‌లో చూడాలి. 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం' అని పెట్టి పీడీఎఫ్ తీయండి. క్షకు మవత్తు విడిపోయి పక్కన పడినా, 'స్త్ర' మూడు ముక్కలైనా, అక్షరాల బదులు గళ్లు వచ్చినా అది ఇంకా మన పనికి రాదు. పేరు అక్షరక్రమంలో సరిగ్గా వరుస కడుతోందా, వెతికితే దొరుకుతోందా అన్నదీ చూడాలి. ఇలాంటి లోపం కనిపిస్తే కంపెనీకి తప్పక రాయండి. మన భాషల్లో బీటా వాడి ఫిర్యాదు చేసేవాళ్లు ఎంత మంది ఉంటే అసలు వెర్షన్ మనకు అంత పనికొస్తుంది. బీటా వాడటానికి మా దృష్టిలో గట్టి కారణం ఇదే.

డేటా వేరు, రిపోర్టు వేరు

ఇంటి గోడకు కొత్త రంగు వేయడానికీ పునాది తవ్వడానికీ ఎంత తేడా ఉందో, కొత్త సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు కట్టడానికీ లెక్కలనే అందులోకి మార్చడానికీ అంత తేడా ఉంది. రిపోర్టు పోతే నాలుగు రోజుల శ్రమ పోతుంది. లెక్కలు మారిపోతే వెనక్కి దారి ఉండకపోవచ్చు.

విడుదలైన వెర్షన్లలో కూడా ఇది నిజం. టాలీప్రైమ్ 3.0 వచ్చినప్పుడు కంపెనీ డేటాను కొత్త రూపానికి మార్చుకోవాల్సి వచ్చింది. మారిన డేటాను పాత రిలీజులో తెరవలేం. అందుకే ముందు బ్యాకప్ తీసుకోమన్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్‌లోకి ఎక్కించలేం. పూర్తయిన సరుకుకే ఇలా ఉంటే, ఇంకా రూపం మారుతున్న బీటాకు మన అసలు పుస్తకం ఇస్తే ఏమవుతుంది? కొన్నిసార్లు బీటా నుంచి దాని అసలు విడుదలకే డేటా నేరుగా వెళ్లకపోవచ్చు.

కాబట్టి బీటాకు ఇవ్వాల్సింది నకలు. రాత్రి దుకాణం కట్టేశాక అసలు లెక్కల నుంచి ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలు తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో ఉన్న బీటాకు ఇవ్వాలి. అటు నుంచి ఇటు ఒక్క అంకె కూడా తిరిగి రాకూడదు. బిల్లులు, వోచర్లు, రసీదులు ఎప్పటిలాగే పాతదాంట్లోనే పడాలి. పవర్ బీఐ లాంటివి వాడేవారు ఒక చిన్న విషయం గమనించాలి. దానిలో విడుదలైన భాగం ఉంది, ఆప్షన్లలో విడిగా టిక్ పెట్టుకుంటే వచ్చే ప్రివ్యూ ఫీచర్లూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మొత్తం బీటా కాకపోయినా ఆ టిక్‌తో మన రిపోర్టు బీటా మీద నిలబడినట్టే. ఏ టిక్కులు పెట్టారో కట్టినవాళ్లు రాసి ఉంచాలి.

మరొకటి రాసి ఉంచాలి, అది ఇంకా ముఖ్యం. ఏ రిపోర్టులో ఏ అంకె ఎలా వస్తుందో మామూలు తెలుగులో ఒక నోటుబుక్కులో. 'బాకీ రోజులు బిల్లు తేదీ నుంచి లెక్క. అడ్వాన్సు తీసివేయాలి. వాపసు సరుకు అమ్మకం నుంచి తగ్గించాలి. డైయింగ్‌కు ఇచ్చిన నూలు మన స్టాకే.' ఇలా. సాఫ్ట్‌వేర్ ఏదైనా మారేది బటన్లే, ఈ సూత్రాలు మారవు. నిజానికి కొత్త రిపోర్టు కట్టే పనిలో సగం కష్టం ఈ నోటుబుక్కు రాయడమే. గుమాస్తా తలలో, పెద్దాయన తలలో ఉన్నదంతా మొదటిసారి కాగితం మీదకు వస్తుంది. బీటా రేపు రద్దయినా ఈ పుస్తకం మిగులుతుంది.

19వ తేదీ రాత్రి ఎవరు ఫోను ఎత్తుతారు

దీన్ని చాలామంది మొహమాటానికి అడగరు. రిపోర్టు కట్టేది పుణేలో ఉన్న అబ్బాయి. 3బీకి గడువు రేపు. ఇవాళ రాత్రి బీటా అప్‌డేట్ అయి రిపోర్టు ఖాళీగా వచ్చింది. అదే రాత్రి అతని ఆఫీసులో వాళ్ల సొంత రిలీజు ఉంది. అబ్బాయి చెడ్డవాడు కాదు, అతనికి నిజంగా తీరిక లేదు. విడుదలైన సాఫ్ట్‌వేర్ అయితే ఊళ్లో ఉన్న డీలరుకో, పక్క దుకాణం గుమాస్తాకో, ఆడిటర్ ఆఫీసులో పిల్లలకో తెలుస్తుంది. బీటా మీద చేసింది చేసినవాడికే తెలుస్తుంది. ఊళ్లో రెండో మనిషి దాన్ని సరిచేయలేకపోతే ఆ రిపోర్టు మీద తేదీ ఉన్న పని పెట్టకూడదు. వాళ్లు మన పిల్లలన్న కారణంతో ఈ నియమం సడలించవద్దు. ఇంట్లో మాట పట్టింపులు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

అయితే ఎప్పుడు సరేననవచ్చు? మనకు కావలసిన సౌకర్యం పాతదాంట్లో నిజంగానే లేనప్పుడు. కంపెనీ విడుదల తేదీ ప్రకటించి, అది వాయిదా పడినా మన మొదటి గడువుకు రెండు మూడు నెలల వ్యవధి మిగిలేటప్పుడు. పాత రిపోర్టు ఆ రోజుకు కూడా తీయగలిగే స్థితిలో ఉన్నప్పుడు. ఈ మూడూ ఉంటే ముందుగా మొదలుపెట్టడం లాభమే. విడుదల రోజున మన రిపోర్టులు పరీక్షించి, సిద్ధంగా ఉంటాయి. మూడింట్లో పాత రిపోర్టు లేకపోతే మిగతా రెండూ ఉన్నా వద్దనే అంటాం. 'అందంగా ఉంది', 'ఉచితం' అన్నవి కారణాలు కావు. అవి విడుదలయ్యాక కూడా అందంగానే ఉంటాయి.

కాలం కూడా చూసుకోవాలి. కొత్త ఆర్థిక సంవత్సరమని ఏప్రిల్ 1న కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. కాని మార్చి రిటర్నులు, స్టాకు లెక్కింపు, మార్చి టీడీఎస్ కట్టడం అన్నీ ఏప్రిల్‌లోనే మీద పడతాయి. దీపావళి ముందు నెల బట్టల వ్యాపారికి ఊపిరాడదు. ఆషాఢం బేరాలు మందంగా ఉండే చోట జూన్ చివర, జూలైలో ఒక వారం దొరుకుతుంది. పిల్లలు సెలవు పెట్టి వచ్చినప్పుడు నోటుబుక్కు రాయడం మొదలుపెట్టి, గడిచిన సెప్టెంబర్ నకలు ఇచ్చి, మొదట ఒకే ఒక్క రిపోర్టు కట్టించండి. బాకీల జాబితా అయితే మంచిది, ఎందుకంటే దానిలో తప్పు ఉంటే చూడగానే పెద్దవాళ్లకు తెలిసిపోతుంది. ఏ పార్టీ ఎంత ఇవ్వాలో వాళ్లకు కంప్యూటర్ చెప్పాల్సిన పని లేదు. మూడు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాక, ప్రతి నెలా కొత్తదాని పీడీఎఫ్ ఒకటి, ఎక్సెల్ ఒకటి విడిగా దాచుకుంటూ, రెండో రిపోర్టు సంగతి దసరాకు మాట్లాడుకోవచ్చు.